వనజాక్షి టీచరు చదివించిన గేటు కాగితం

వనజాక్షి టీచరు మా ఊరికి వచ్చి ఐదేండ్లయింది. ఈ ఐదేండ్లలో ఆమె మా ఊళ్లో ఎవరి వాకిట్లోకీ పోయింది లేదు, ఒక్క ఇంటికి తప్ప. ఆ ఇంటికి ఎందుకు పోవలసి వచ్చిందో రాస్తున్నాను.

మా ఊరు బలసముద్రానికి దగ్గర. మూడు వైపులా సోలార్ ప్యానెళ్లు, నాలుగో వైపు గుట్ట. నేను చిన్నగా ఉన్నప్పుడు వేరుశనగ కలుపు తీసే నెలల్లో చేన్లలోంచి ఆడవాళ్ల మాటలు, నవ్వులు ఇండ్ల దాకా వినబడేవి. ఇప్పుడు ఆ చేన్లన్నీ కంపెనీలకు కౌలుకు పోయాయి. పగలు ఊరి బయట నిలబడితే కంచె వెనకాల మిషన్లు సన్నగా రొద పెట్టడమే వినబడుతుంది. మనుషులు కనబడరు.

శాలెలో పిల్లలు పంతొమ్మిది మంది. ఐదో తరగతి దాకా ఉంది, చదువంతా కన్నడంలో. మాది కన్నడ రాష్ట్రమే గానీ ఇండ్లలో మాట్లాడేది తెలుగు. నేను బోరమ్మత్తతో కలిసి మధ్యాహ్నం అన్నం వండుతాను. తొమ్మిదో తరగతి సగంలో మా అమ్మకు నడుము పడిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేక నేను చదువు మానేశాను. వంటగది కిటికీ ఐదో తరగతి వైపే ఉంటుంది. అందుకని బియ్యం ఏరుతూ టీచరు చెప్పేవన్నీ వింటాను. వింటున్నానని ఆమెకు తెలుసు. ఏనాడూ కిటికీ మూయలేదు.

ఆమెది పావగడ. బజారులో వాళ్ల నాన్న అంగడి, ఇప్పుడు అన్న సీతారామ్ చూసుకుంటున్నాడు. ఆమెకు నలభై దగ్గర పడుతోంది, పెండ్లి కాలేదు. ఎందుకు కాలేదో మా ఊళ్లో వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారే గానీ ఆమెను అడగలేదు. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏడాదికోసారి ఆర్డరు రావాలి. బస్సు వేళలు కుదరక బోరమ్మత్త ఇంటి ముందరి గది బాడుగకు తీసుకుంది. సాయంత్రం ఒక గ్లాసు బియ్యం వండుకుంటుంది. చక్కెర కట్టి ఇచ్చిన కాగితం కూడా విప్పి, చదునుగా చేసి, చదివి, అప్పుడు పొయ్యిలో వేస్తుంది. ఆదివారం పావగడకు పోదు. "ఇంట్లో అందరూ ఎవరి పనిలో వాళ్లుంటారు. నేను పోతే ఎక్కడ కూచోవాలో తెలీదు" అని ఒకసారి నాతో అంది. తర్వాత ఎందుకు చెప్పానా అన్నట్టు తల దించుకుని చిక్కుడుకాయలు గిల్లింది.

మా ఊరివాళ్లు ఆమెను చూస్తే లేచి నిలబడతారు. లేచి నిలబడేవాళ్లు పక్కన కూచోమని పిలవరు కదా.

ఇంక సోమప్ప తాత సంగతి చెప్పాలి. ఆయన మా ఊరి తలారి. నలభై ఏండ్లు తప్పెట కొట్టి చాటింపు వేశాడు. ఆయన చాటింపుకు ఒక పద్ధతి ఉండేది. మొదట ఊరి దేవతకు దండం, తర్వాత పెద్దలకు దండం, ఆ తర్వాత పంచాయితీ పేరు, తాలూకా ఆఫీసు పేరు, ఏ ఆఫీసరు చెప్పాడో ఆయన పేరు. ఇవన్నీ అయ్యేసరికి వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేవాడు. అసలు సంగతి కట్టకడపట, గొంతు సాగదీసి చెప్పేవాడు. రేపు పశువులకు సూదులనో, ఎల్లుండి రేషననో. దండాలు నడుస్తున్నంత సేపూ మేము గిన్నెలు తోముకుంటూనే ఉండేవాళ్లం. గొంతు సాగినప్పుడు మాత్రం చేతులాపి వినేవాళ్లం.

ఫోన్లు, మైకు కట్టిన ఆటోలు వచ్చాక చాటింపు పోయింది. తాతకు గొర్రెలు మిగిలాయి, ఇరవై తొమ్మిది. అవ్వ చనిపోయింది. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనికి పోయి మనవరాలు ఆశను ఆయన దగ్గర వదిలారు. ఆశ ఐదో తరగతి. ఇంట్లో వాళ్లిద్దరూ, దొడ్లో గొర్రెలు.

ఎండలు ముదిరాక గొర్రెలకు నీళ్లు ఒక్క కుంటలోనే ఉంటాయి. ఆ కుంటకు పోయే దారి ఇప్పుడు రెండు ప్యానెళ్ల తోటల నడుమ పడింది. కంపెనీవాళ్లు రెండు బండ్లు పట్టేంత దారి వదిలి, మిట్ట అవతల ఒక గేటు పెట్టారు. ఊళ్లో నుంచి చూస్తే గేటు కనబడదు. శివరాత్రి అయిన వారానికి గేటు గురించిన కాగితం ఒకటి పంచాయితీ గోడ మీద అంటించారు. అది కన్నడంలో ఉంది. సోమప్ప తాతకు చదవడం రాదు.

ఆయన శాలె దగ్గరికి వచ్చాడు. నేను అప్పుడు నీళ్లు తోడుతున్నాను.

"టీచరమ్మా, ఆ గోడ కాడికి వచ్చి కాగితం రొంత సదివి చెప్పల్ల తల్లీ" అన్నాడు.

పంచాయితీ అరుగు మీద ఎప్పుడూ మగవాళ్లుంటారు. వనజాక్షి టీచరు అటువైపు పోదు. చుట్టు తిరిగి వెనక సందులోంచి వస్తుంది.

"ఆశ ఉంది కదా తాతా. ఐదో తరగతి. గడగడా చదువుతుంది. తనతో చదివించుకో" అంది.

తాత ముఖం వెలిగింది. "మా పాప సదువుతుందా? అట్లయితే ఇంగేమి" అని పోయాడు.

ఆ సాయంత్రం గోడ దగ్గర తాతా మనవరాలూ నిలబడితే నేను బిందెతో అటే వస్తున్నాను. ఆశ పైనుంచి మొదలుపెట్టింది. నాలుగు మాటలు కాకముందే తాత చెయ్యి ఊపాడు.

"ఆ ముందరి మాటలన్నీ దండాలు పాపా. కడాకు ఏమి రాసినారో అది సదువు."

ఆశ వేలు కిందికి దించింది. కడపటి వరస పెద్ద అక్షరాల్లో ఉంది. గొర్రెలకు, మేకలకు ప్రవేశం లేదు.

"అయిపాయ" అన్నాడు తాత. అరుగు మీది వాళ్లు కూడా "అయిపాయప్పా" అన్నారు. నేనూ అదే అనుకుని బిందె ఇంటికి మోసుకుపోయాను. అక్షరాలు వచ్చిన వాళ్లు ఆ పూట అక్కడ నలుగురమైనా ఉన్నాం.

ఆ మర్నాటి నుంచి తాత గొర్రెలను గుట్ట చుట్టూ తిప్పి వేరే ఊరి చెరువుకు తోలుకుపోయాడు. పోను రాను పూట పడుతుంది. గొర్రెల గిట్టలు పగిలాయి. చిన్న గొర్రెపిల్లలు అంత దూరం నడవలేవని దొడ్లో కట్టేసి పోతే తల్లులు వచ్చేదాకా పాలు లేక అరుస్తూ ఉండేవి. నెలన్నర ఈడ్చాడు. ఆపైన వల్ల కాదని గొర్రెల వ్యాపారి హనుమంతరాయకు కబురు పెట్టాడు. బుధవారం హనుమంతరాయ వచ్చి ఇరవై నాలుగు గొర్రెల వీపుల మీద నీలిరంగు పూసి పోయాడు. పాలు తాగే పిల్లలు ఐదు ఆయనకు అక్కర లేదన్నాడు. శనివారం పొద్దున బండి తెచ్చి ఎక్కించుకుంటాడు. మా వైపు గొర్రెకు రంగు పడిందంటే బేరం అయిపోయినట్టే.

ఆ వారమే టీచరు ఐదో తరగతికి కొత్త పాఠం మొదలుపెట్టింది. కథలు కాని రాతలు ఎట్లా చదవాలి అని. ట్రైనింగులో ఇచ్చిన అట్ట ఒకటి గోడకు తగిలించింది. వర్ణన, వరస, పోలిక, కారణం, చిక్కు-దాని విరుగుడు అని ఐదు పేర్లు ఉన్నాయి దాని మీద. పిల్లలు రెండు రోజుల్లో ఆ ఐదూ పాటలాగా అప్పజెప్పారు. చేతికి ఒక పేజీ ఇచ్చి ఇది ఆ ఐదింట్లో ఏది అంటే మళ్లీ పాటే పాడారు. మూడో రోజు ఆమె అట్ట విప్పేసింది.

"మా అంగట్లో కరెంటు పోయినా మా నాన్న అడిగిన సరుకు చేతికి తీసి ఇచ్చేవాడు" అని చెప్పింది. "ఎట్లా? ఏది ఎక్కడ పెట్టాలో ముందే అనుకుని పెట్టినాడు కాబట్టి. కాగితం రాసేవాళ్లు కూడా అట్లే పెడతారు. మనం చదివే ముందు ఎట్లా పెట్టినారో చూడాలి. రేపు మీ ఇంట్లో ఏ కాగితం ఉంటే అది తెండి."

శుక్రవారం పిల్లలు సంచుల్లోంచి కాగితాలు తీశారు. విత్తనాల సంచి ముక్క, పెండ్లి పత్రిక, మందు చీటీ, విరేచనాలప్పుడు నీళ్లలో కలుపుకునే పొడి పాకెట్టు. ఎవ్వరూ చదవొద్దనీ, ఒక్కొక్కటి ఏం పని చేస్తోందో చూసి చెప్పమనీ అంది.

పాకెట్టు శివరాజుది. "కథ చెప్తా ఉండాది టీచర్" అన్నాడు.

"ఎవరి కథప్పా?"

"నీళ్ల కథ. కాంచల్ల, ఆర్పల్ల, పొడి ఏయల్ల, కలపల్ల."

"ముందు పొడి వేసి, ఆమీద కాస్తే?"

"మా అవ్వ అట్లే చేసింది టీచర్. నాకేం కాలే."

అందరూ నవ్వారు. టీచరు కూడా నవ్వింది. ఆమె పండ్లు కనబడేట్టు నవ్వడం నేను చూసింది తక్కువ. "నీకేం కాలేదు సరే. కాగితం మాత్రం వరస చెబుతోంది, వరస తప్పొద్దంటోంది. అది దాని పని" అంది.

పెండ్లి పత్రికలో అసలు మాట నడుమ ఉందని కనిపెట్టారు. పైన దేవుళ్లు, కింద చుట్టాల పేర్లు, నడుమ తేదీ. విత్తనాల సంచి మీద రెండు రకాల కాయలు పక్కపక్కన పెట్టి పోల్చి ఉంది. నేను చేటలో బియ్యం అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఏంది పాపా, పప్పు మాడ్తా ఉంటే నువ్వు పాఠం ఇంటాండావా?" అంది బోరమ్మత్త. "పోయి బెంచీ మీద కూచో పో. ఐదో తరగతిలో పేరు రాసుకుంటారు."

అప్పుడే ఆశ నోటుపుస్తకం తెరిచింది. వాళ్లింట్లో కాగితాలేవీ లేవు. అందుకని పంచాయితీ గోడ మీది కాగితం మొత్తం ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుని వచ్చింది. టీచరు దాన్ని నల్లబల్ల మీద రాసి, "అసలు మాట ఎక్కడుంది? ఒక్కొక్కరే వచ్చి వేలు పెట్టండి" అంది.

ఆరుగురు పిల్లలు లేచి వచ్చారు. ఆరుగురూ కడపటి వరస మీదే వేలు పెట్టారు. పెండ్లి పత్రికలో నడుమ అన్న శివరాజు కూడా.

"ఎందుకు అక్కడే?" అంది టీచరు. పిల్లల వైపు, బల్ల వైపు మార్చి మార్చి చూసింది. నేను చేట కింద పెట్టి కిటికీలోంచి అన్నాను.

"సోమప్ప తాత సాటింపు టీచర్. మా ఊర్లో కడా మాటే ఇంటారు. ముందరివి దండాలని ఇడిసిపెడతారు."

టీచరు నా వైపు చూసింది. తర్వాత బల్ల వైపు తిరిగి, కడపటి వరసను అరచేత్తో మూసింది.

"ఇది ఒంటరిగా వచ్చిన మాటా, పైన ఎవరి వెంటైనా వచ్చిందా?"

ఆశ అంది, "గొర్రెపిల్ల మాదిరా టీచర్? దీని తల్లి ఏదో ఎతకల్లనా?"

"ఆ. అట్లే వెతుకు."

ఆశ పైనుంచి చదివింది. కుంటకు పోయే దారి ఇది. గేటు రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తీసి ఉంటుంది. కాపరి మంద వెంటే ఉండాలి. మంగళవారం ప్యానెళ్లు కడుగుతారు. నేల జారుతుంది, కరెంటు తీగలుంటాయి. కాబట్టి ఆ దినం... టీచరు చెయ్యి మూసిన వరస దగ్గర ఆగింది.

"మంగళారం టీచర్! ఇది మంగళారం బిడ్డ!" అని అరిచింది. పిల్లలంతా "అవునవును, మంగళారానిదే" అని బల్లలు చరిచారు. పాఠం అర్థమైన సంతోషం అది. నాక్కూడా ఒక్క క్షణం సంతోషమే వేసింది.

టీచరు మాత్రం నవ్వలేదు. "ఆశా, మీ తాతకు ఇది చదివి చెప్పింది నువ్వే కదా. అంతా చదివినావా?"

"తాత కడా మాటే సదువమన్నాడు టీచర్."

టీచరు కుర్చీలో కూచుంది. చేతిలో సుద్దముక్క విరిగి రెండయింది. ఆశ ముఖం అప్పుడు మారింది. రేపు శనివారమని గుర్తొచ్చినట్టుంది.

శాలె విడిచాక టీచరు ఆశ వెంట బయల్దేరింది. "నువ్వూ రామ్మా" అని నన్ను పిలిచింది. వెనక సందులోంచి కాకుండా పంచాయితీ అరుగు ముందర నుంచే పోయాం. అరుగు మీదివాళ్లు లేచి నిలబడ్డారు.

సోమప్ప తాత అప్పుడే మందను తోలుకొచ్చాడు. గొర్రెపిల్లలు తల్లుల కింద దూరి పాలు తాగుతున్నాయి. తల్లుల వీపుల మీద నీలిరంగు. తాత మంచం వాల్చాడు. టీచరు కూచోలేదు. ఆశ చేతిలోని నోటుపుస్తకం తీసుకుని, మొదటి నుంచి కడ దాకా చదివి తెలుగులో చెప్పింది.

తాత నమ్మలేదు. "గేటు నేను కండ్లారా చూసినా తల్లీ. తాళం ఏసి ఉండాది."

"ఎప్పుడు చూసినావు తాతా?"

"ఒక పొద్దు పోయినా. ఉన్ని కత్తరించేవాళ్లు వచ్చిండ్రి. ఆ పొద్దు కత్తెర పట్టకూడదని కూచుండిపోయిరి. ఊరికే ఉండేదేమని నడిచి పోయినా..." అంటూ ఆగిపోయాడు. మా వైపు కత్తెర పట్టనిది మంగళవారం.

పాలు తాగే చప్పుడే వినబడింది.

"తప్పు నాది తాతా" అంది టీచరు. "నువ్వు నన్ను అడిగినావు. నేను రాలేదు. అక్షరాలు పలికితే చదివినట్లే అనుకున్నా."

"నీదెట్లయితాది. కడా మాటే ఇనండని ఊరికి నేర్పించింది నేను. నలబై ఏండ్లు" అన్నాడు తాత. కోపంగా అనలేదు. లెక్క సరి చూసుకుంటున్నట్టు అన్నాడు.

శనివారం హనుమంతరాయ ఏడు గంటలకే వచ్చాడు. టీచరు అప్పటికే తాత వాకిట్లో ఉంది. రాత్రి నిద్రపోలేదని కండ్లు చెబుతున్నాయి. బండికి అడ్డంగా నిలబడి మాట్లాడింది.

"మేము కాగితం తప్పు చదివినామప్పా. ఈయనకు గొర్రెలు అమ్మే అవసరం లేదు. వదిలేయండి."

"కాగితం మీరు తప్పు సదివినారమ్మా. రంగు నేను సరిగ్గానే పూసినా" అన్నాడు హనుమంతరాయ. చెడ్డవాడేమీ కాదు. నవ్వుతూనే అన్నాడు. "ఇట్ల ఒగొగరు ఒగొగ కత చెప్పుకుంటా పోతే నేను రంగు డబ్బా పట్టుకొని ఊర్లు తిరగల్ల, గొర్రెల్ని కాదు."

టీచరు ఇంకా ఏదో అనబోయింది. సోమప్ప తాత ఆమెను దాటి వచ్చి మొదటి గొర్రెను తనే ఎత్తాడు.

"జరుగు తల్లీ. రంగు పడినాక మాటేముంది. ఎత్తుకోప్పా."

ఇరవై నాలుగింటినీ తనే ఎత్తి ఇచ్చాడు. ఒక్కొక్కదాన్ని ఎత్తేటప్పుడు చెవి దగ్గర ఏదో అన్నాడు. ఆ మాటలు నాకు వినబడలేదు. ఆశ ఐదు పిల్లలకూ అడ్డంగా కూచుని వాటిని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. బండి పోయినంత సేపూ అవి అరిచాయి. టీచరు అట్లాగే శాలెకు వచ్చి హాజరు తీసుకుంది. అన్నం పెట్టే వేళకు "నాకు వద్దమ్మా" అంది.

ఆదివారం పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చి, తాత గొర్రెపిల్లలను కుంటకు తీసుకుపోతున్నాడట, పోదామా అని అడిగింది. నలుగురం, ఐదు గొర్రెపిల్లలు. రెండు వైపులా ప్యానెళ్లు ఎండకు కండ్లు మూతలు పడేట్టు మెరుస్తున్నాయి. నడిచినంత దూరం ఎవరూ ఎదురు రాలేదు. మిట్ట ఎక్కగానే గేటు కనబడింది. రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి.

పక్కన రేకు నీడలో కాపలా మనిషి కూచున్నాడు. ఎక్కడో ఉత్తరాది మనిషి. మమ్మల్ని చూసి గబగబా లేచి, రండి రండి అన్నట్టు రెండు చేతులతో చూపించాడు. ఆయన మాటలు మాకు అర్థం కాలేదు. వేళ్లు లెక్కపెట్టి చూపించిందాన్ని బట్టి టీచరు చెప్పింది, ఇన్నాళ్లుగా రోజూ తీసి పెట్టుకుని కూచుంటే ఒక్క మందా ఎందుకు రాలేదని అడుగుతున్నాడట.

తాత ఆయనకు దండం పెట్టాడు. గేటు రెక్క మీద అదే కాగితం అంటించి ఉంది, ఎండకు వెలిసిపోయింది. గొర్రెపిల్లలు నీళ్ల వాసన పట్టి ముందుకు ఉరికాయి. ఆశ వాటి వెంట పరిగెత్తింది.

"తల్లీ, దీన్ని రొంత సదువు. మొదటి నుంచి" అన్నాడు తాత, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని.

వనజాక్షి టీచరు చదివింది. ఒక్కొక్క మాట కన్నడంలో చదివి తెలుగులో చెప్పింది. తాత నేల చూస్తూ విన్నాడు. కడపటి వరస దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది తెలుసులే. దాని పైన, రోజూ అని ఉండాదే, అది ఇంగోసారి సదువు."

గేటు రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తీసి ఉంటుంది. ఆమె మళ్లీ చదివింది. తాత ఇంకోసారి అన్నాడు. మూడోసారి సగంలో ఆమె ఆగిపోయింది. మిగిలిన సగం నేను చదివాను.